మిగిలిన ఏళ్లకు సరిపడే బండి

రియాద్‌లోనో దమ్మామ్‌లోనో మనవాళ్ల కుటుంబాలు ఎక్కువగా ఉండే వీధుల్లోకి వెళ్తే, అపార్ట్‌మెంట్ల వెనక ఖాళీ జాగాలో పాత ఫ్యామిలీ వ్యాన్ ఒకటైనా కనబడుతుంది. టొయోటా ప్రీవియా కావచ్చు, కియా కార్నివాల్ కావచ్చు, హోండా ఒడిస్సీ కావచ్చు. అద్దాల మీద ఇసుక పొరలుపొరలుగా పేరుకుని ఉంటుంది. టైర్లు గాలి దిగి చతికిలబడి ఉంటాయి. వెనక అద్దానికి పిల్లలెప్పుడో అంటించిన స్టిక్కర్ ఎండకు వెలిసిపోయి ఉంటుంది. అలా ఆగిపోయిన బండ్లలో కొన్నింటి కథ 2017లో మొదలవుతుంది. ఆ ఏడాది జూలైలో సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకు తలకు నెలకు 100 రియాళ్ల రుసుము పెట్టింది. ఏటా వంద చొప్పున పెంచుకుంటూ 2020 నాటికి 400 చేసింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి 14,400 రియాళ్లు. ఆ లెక్క తట్టుకోలేక ఎందరో కుటుంబాన్ని ఊరికి పంపేసి బ్యాచిలర్ గదులకు మారిపోయారు. ఒక్క మనిషికి ఏడెనిమిది సీట్ల బండి అక్కర్లేదు. అలాగని అమ్మడానికి మనసూ రాలేదు. ఇప్పుడు జీతం కాస్త పెరిగో, పిల్లల చదువు కోసమో కుటుంబం మళ్లీ వస్తుంటే, ఆ ఇసుక కింది బండి గుర్తుకొస్తుంది. బాగుచేయించాలా, వదిలేయాలా?

ఈ ప్రశ్నకు చుట్టూ ఉన్నవాళ్లు రెండు రకాల జవాబులు చెబుతారు. ఒకరు మార్కెట్ ధర చెప్పి, దానికి మించి ఒక్క రియాల్ పెట్టినా దండగే అంటారు. మరొకరు పిల్లలు అందులోనే పెరిగారు కదా, ఎంతైనా పెట్టి కొత్తదానిలా చేయించమంటారు. పైకి ఎడమొహం పెడమొహంగా కనబడే ఈ ఇద్దరూ చేసే పొరపాటు ఒక్కటే. ఇద్దరూ బండి గతాన్నే చూస్తున్నారు: ఒకరు దాని అరుగుదలను, మరొకరు దాని జ్ఞాపకాలను. గల్ఫ్‌లో బతికే మనిషికి ఏ నిర్ణయానికైనా అసలు కొలమానం ముందున్న కాలం. ఇంకా ఎన్నేళ్లు ఇక్కడ ఉంటారు, ఆ ఏళ్లలో ఆ సీట్లలో ఎవరు కూర్చుంటారు? పాత వ్యాన్‌ను బాగుచేయించడమంటే దాన్ని పాత రోజుల్లోకి తిరిగి తీసుకెళ్లడం కాదు. మిగిలిన ఏళ్లకు సరిపడా నడిచేలా చేయడం. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాట చుట్టూనే.

ఈ కొలమానాన్ని చట్టమే మన చేతిలో పెడుతోంది. ఎంత ప్రేమ ఉన్నా ఆ బండి మీతో ఊరికి రాదు. వాడిన వాహనాన్ని ఇండియాకు దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. సౌదీ బండ్ల స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మనం మాట్లాడుతున్న వ్యాన్‌ల వయసు పదిహేనేళ్లకు పైమాటే. పైగా ఫైనల్ ఎగ్జిట్ (దేశం శాశ్వతంగా విడిచే వీసా) పడాలంటే మీ పేరు మీద ఏ వాహనమూ ఉండకూడదు. మరొకరి పేరుకు మార్చాలి, లేదా తుక్కు కింద రికార్డుల నుంచి తీయించాలి. అంటే ఆ బండితో మీ బంధానికి ఒక గడువు మొదటి నుంచీ రాసి ఉంది. ఊళ్లో తాతగారి అంబాసిడర్‌ను షెడ్డులో దాచి మనవడికి చూపించవచ్చు. జుబైల్‌లోని ప్రీవియాకు ఆ అవకాశం లేదు. ఇది విన్నప్పుడు గుండె కలుక్కుమంటుంది, నిజమే. కానీ ఆ గడువే లెక్కను తేటగా చేస్తుంది.

ఆ లెక్క చాలా చిన్నది. మరమ్మతుకు, కాగితాలకు కలిపి 9,000 రియాళ్లు అవుతాయనుకుందాం. మరో మూడేళ్లు కుటుంబంతో ఇక్కడే ఉంటారనుకుంటే నెలకు 250 రియాళ్లు. తొమ్మిది నెలల్లో పెద్దమ్మాయి పన్నెండో తరగతి ముగించి అందరూ తిరిగి వెళ్తారనుకుంటే నెలకు 1,000. అదే బండి, అదే మెకానిక్, అదే బిల్లు. జవాబు మాత్రం తలకిందులైంది. ఆ నెలవారీ అంకెను ఏడు సీట్ల బండి అద్దెతోనో, కొత్త బండి కిస్తీతోనో పక్కపక్కన పెట్టి చూడండి. బండి మార్కెట్ ధర ఈ లెక్కలోకి ఎక్కడా రాలేదు, గమనించండి. దాన్ని అమ్మి లాభపడదామని ఎవరూ అనుకోవడం లేదు కాబట్టి ఆ ధరకు ఇక్కడ పెద్ద పాత్ర లేదు.

సీట్లలో ఎవరు కూర్చుంటారన్నది రెండో సగం. జ్ఞాపకాలను తీసిపారేయమని నేను అనను. వాటిని సాక్ష్యంగా వాడుకోమంటాను. 1983 చివర్లో క్రైస్లర్ కంపెనీ అమెరికాలో డాడ్జ్ కారవాన్, ప్లిమత్ వాయేజర్ తెచ్చినప్పుడు, ఆ మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో రెనో ఎస్పాస్ వచ్చినప్పుడు ఈ బండ్లు అమ్ముడుపోయింది వేగానికో హోదాకో కాదు. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో కూర్చున్నట్టు ప్రయాణం చేయవచ్చన్న ఒక్క కారణానికి. మన ఊళ్లలో మెటాడోర్, మారుతి వ్యాన్, ఆ తర్వాత 2000లో వచ్చిన క్వాలిస్ చేసిన పని అదే. సౌదీలో ఆ పని ఇంకా పెద్దది. రియాద్ మెట్రో మొదలైందే 2024 డిసెంబరులో. 2018 జూన్ 24 దాకా ఆడవాళ్లకు డ్రైవింగ్ హక్కే లేదు. నాన్న బండి తీస్తేనే ఇల్లు కదిలేది. శుక్రవారం దమ్మామ్ కార్నిష్ షికారు, జుబైల్ స్నేహితుల ఇంట్లో వినాయక చవితి భోజనం, హైదరాబాదీ కుటుంబాలకు రియాద్ నుంచి మక్కాకు రాత్రంతా సాగే ఉమ్రా ప్రయాణం, అన్నీ ఆ మూడు వరసల సీట్లలోనే జరిగాయి. కాబట్టి ఒక సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని ఆ బండిలో ఏమేం చేశామో గుర్తు చేసుకోండి. వాటిలో వచ్చే ఏడాది మళ్లీ జరిగేవి ఎన్ని? స్కూలు ప్రయాణాలు, పక్కింటివాళ్లతో కలిసి వెళ్లే సంత, ఊరి నుంచి విజిట్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలు ఉంటే ఆ జ్ఞాపకం ఇంకా ప్రాణంతో ఉన్న అవసరం. ఒక్కటీ లేకపోతే దానికి ఫొటో ఆల్బమ్ చాలు, బండి అక్కర్లేదు.

నిర్ణయం బాగుచేయించడం వైపు మొగ్గితే, స్పానర్ పట్టకముందు కాగితాలు చూడాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, నష్టపోతారు. ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక అబ్షెర్‌లో ఇస్తిమారా (బండి రిజిస్ట్రేషన్ కార్డు) గడువు, పేరు మీద ఉన్న జరిమానాలు ముందు చూసుకోండి. కొత్త బండికి మొదటి మూడేళ్లు దాటాక ఏటా ఫహస్ (సాంకేతిక తనిఖీ) తప్పనిసరి, అది లేనిదే ఇస్తిమారా రెన్యువల్ కాదు. బండి ఇంకొకరి పేరున ఉంటే, అది మీ పేరుకు మారుతుందో లేదో, ఏడు సీట్ల వాహనానికి మీ ఇకామా (నివాస అనుమతి)తో అడ్డంకి ఏమైనా ఉందో మురూర్ (ట్రాఫిక్ శాఖ) దగ్గర తేల్చుకోకుండా ఒక్క రియాల్ కూడా ఖర్చు పెట్టవద్దు. వీధిలో దుమ్ముకొట్టుకుని పడి ఉన్న బండ్లను బలదియా (మునిసిపాలిటీ) వాళ్లు నోటీసు అంటించి ఎత్తుకెళ్తారు, కాబట్టి నాన్చడం కూడా ఖర్చే. ఇన్సూరెన్స్ మాటకొస్తే, ఈ వయసు బండికి దొరికేది సాధారణంగా థర్డ్ పార్టీ మాత్రమే. దీని వెనక ఒక ముఖ్యమైన సంగతి ఉంది. రేపు మీ తప్పుతో ప్రమాదం జరిగితే మీరు పెట్టిన మరమ్మతు డబ్బు ఎవరూ తిరిగి ఇవ్వరు. అందుకే రోజూ నడవడానికి పనికొచ్చే వాటి మీదే ఖర్చు పెట్టాలి, పెయింటు మీదా, సీట్ల తోలు మీదా కాదు.

ఇక మరమ్మతు. ఆగిన బండిని చూడగానే బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి, ఆ శబ్దం వినాలన్న తహతహ అందరికీ కలుగుతుంది. దాన్ని అణచుకోండి. ఏళ్ల తరబడి ట్యాంకులో నిలవ ఉన్న పెట్రోలు జిగురుగా మారి ఇంజెక్టర్లను పూడ్చేస్తుంది. ముందు దాన్ని ఖాళీ చేసి ఫిల్టర్ మార్చాలి. సిలిండర్ల గోడల మీది నూనె ఎండిపోయి ఉంటుంది. ప్లగ్గులు తీసి కాస్త నూనె వేసి ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూడాలి. ఆ తర్వాత ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా ప్లగ్గులు లేకుండానే స్టార్టర్‌తో తిప్పాలి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర ఇసుక చేరిందేమో, గొట్టాలనూ వైర్లనూ ఎలుకలు కొరికాయేమో చూసుకోవాలి. ఓపికగా ఒక పూట కేటాయిస్తే తెమిలే పని ఇది. తొందరపడితే అదే పూట ఇంజిన్ పాడవుతుంది.

ఆ తర్వాత పనుల వరసను ఎండే నిర్ణయిస్తుంది. రియాద్‌లో జూలై మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటడం మామూలు విషయం. తారు రోడ్డు వేడి దానికి చాలా పైన ఉంటుంది. ఇండియాలో పాత బండిని ముంచేది వర్షం, తుప్పు. ఇక్కడ ముంచేది వేడి. కాబట్టి మొదటి డబ్బు రేడియేటర్‌కు, నీటి పంపుకు, థర్మోస్టాట్‌కు, గొట్టాలకు, ఫ్యాన్‌కు. రేడియేటర్ మూత కూడా మార్చండి. లోపలి ఒత్తిడిని పట్టి ఉంచి నీరు మరిగే స్థాయిని పెంచేది అదే, దాని ఖరీదు చాలా తక్కువ. మొదటి తరం ప్రీవియా ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 1990లో వచ్చిన ఆ కోడిగుడ్డు ఆకారపు బండిలో 2.4 లీటర్ల ఇంజిన్‌ను దాదాపు 75 డిగ్రీలు ఒరిగించి ముందు సీట్ల కింద పడుకోబెట్టారు. రేడియేటర్ ముందు ఉంటుంది, ఇంజిన్ నడుమ ఉంటుంది. ఫ్యాన్, ఏసీ కంప్రెసర్, ఆల్టర్నేటర్ తిరిగేది ఇంజిన్ నుంచి ముందుకు సాగే ఒక ప్రత్యేక షాఫ్ట్‌తో. జపాన్‌లో ఎస్టిమా అనీ, ఆస్ట్రేలియాలో టరాగో అనీ పిలిచే ఈ బండి లోపలి విశాలత ఆ అమరికతోనే వచ్చింది. దాని మూల్యంగా నీటి గొట్టాలు పొడవయ్యాయి, వాటిలో గాలి బుడగలు చిక్కుకుంటే తీయడం కష్టమైంది. ఈ అమరిక తెలియని మెకానిక్ చేతిలో పెట్టి ఊరుకోకండి. 2000 తర్వాతి ప్రీవియాల్లో ఇంజిన్ మామూలుగా ముందుకు వచ్చేసింది. అందులోని 2ఏజెడ్-ఎఫ్‌ఈ ఇంజిన్‌కు వేరే జబ్బు ఉంది: కొన్ని ఏళ్ల మోడళ్లు పిస్టన్ రింగుల వల్ల నూనె తాగుతాయి. అమెరికాలో ఇదే ఇంజిన్ ఉన్న బండ్లకు టొయోటా అదనపు వారంటీ ఇవ్వాల్సి వచ్చింది. నూనె తాగడం చావు జబ్బు కాదు గాని, వారానికోసారి డిప్‌స్టిక్ చూసే అలవాటు లేని ఇంటికి అది చావు జబ్బే.

రెండో డబ్బు ఆపడానికి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం తాజాగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మక్కా నుంచి తాయిఫ్‌కు ఎక్కే అల్ హదా ఘాట్ రోడ్డు గుర్తు తెచ్చుకోండి. తాయిఫ్ ఊరు సముద్ర మట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంటుంది. దిగేటప్పుడు పదేపదే తొక్కిన బ్రేకుల్లో పాత ఆయిల్ మరిగిందంటే పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. టైర్ల సంగతీ అంతే. పైన గాట్లు నిండుగా ఉన్నాయని మురిసిపోవద్దు. టైరు పక్క గోడ మీద డాట్ అక్షరాల చివర ఉండే నాలుగంకెలు చదవండి: 2318 అంటే 2018లో 23వ వారం. ఆగి ఉన్న బండి టైరు అరగకుండానే ఎండకు రబ్బరు చచ్చిపోతుంది, దమ్మామ్ హైవే మీద పగిలేది అలాంటిదే. కొత్తవి కొనేటప్పుడు ఉష్ణోగ్రత గ్రేడ్ ఏ ఉన్నదే తీసుకోండి.

మూడోది ఏసీ. ఇక్కడ దాన్ని సుఖం కోసం వాడే వస్తువు అనలేం. మూడో వరసలో చంటిపిల్ల కూర్చుంటే అది ప్రాణావసరం. వెనక ఏసీ పైపులు బండి కింద పొడుగునా వెళ్తాయి, రాళ్లు తగిలి, తుప్పు పట్టి సన్నగా కారుతుంటాయి. కారే చోటు పట్టుకోకుండా ప్రతి వేసవిలో గ్యాస్ నింపించుకోవడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. 1990ల తొలి బండ్లలో ఆర్-12 వాయువు వాడేవారు, ఓజోన్ ఒప్పందంతో అది మార్కెట్లోంచి పోయింది. అలాంటిది ఉంటే ఆర్-134ఏకి మార్పించుకోవాలి. ఈ మూడూ అయ్యాకే పక్క తలుపు చక్రాలు, రబ్బర్లు, లైట్లు. పెయింటు చివరన, డబ్బు మిగిలితే.

పని చేయించేది సనాయియాలో, అంటే మెకానిక్ షాపుల పేటలో.  హిందీ, ఉర్దూ వస్తే భాష చిక్కు లేదు. అక్కడ డబ్బు పోయేది మోసంతో కన్నా అస్పష్టతతో ఎక్కువ. “మొత్తం బాగుచేయి” అని తాళాలు ఇస్తే మెకానిక్‌కు తోచినంత మేరకే బాగవుతుంది. ఒక్కో సందర్శనకు ఒక్కో పని చెప్పండి, విప్పిన పాత భాగం వెనక్కి అడగండి, పార్ట్ నంబరు రాసుకుని వెళ్లండి. నీటి పంపు, థర్మోస్టాట్, బ్రేక్ సామాను కంపెనీవే కొత్తవి కొనాలి. తలుపు, అద్దం, సీటు పట్టాలు, స్విచ్చుల లాంటివి తష్లీహ్ (తుక్కు బండ్ల యార్డు)లో పాత బండ్ల నుంచి విప్పినవి నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. మొదటి రోజే రెండు హద్దులు కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ చెప్పండి: ఎంత దాటితే ఆపేస్తాం, ఏ భాగం పోతే ఆపేస్తాం. గేర్‌బాక్స్ విప్పాల్సి వస్తే వదిలేద్దాం అని ముందే అనుకున్నవాడికి ఆ రోజు వచ్చినప్పుడు మాట నిలబెట్టుకోవడం తేలిక. ముందు అనుకోనివాడు, ఇంత పెట్టాం కదా ఇంకాస్త పెడదాం అంటూ కూరుకుపోతాడు.

ఈ వాదానికి అన్నిటికన్నా బలమైన అభ్యంతరం భద్రత. పాత వ్యాన్‌కు చాలా ఎయిర్‌బ్యాగులు ఉండవు, బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్స్ ఉండవు, కొన్నింటిలో వెనక నడిమి సీటుకు నడుము బెల్టు మాత్రమే ఉంటుంది. దీనికి ఎదురు వాదన నా దగ్గర లేదు, ఉండకూడదు కూడా. కొత్త బండి కొనగలిగే స్తోమత ఉండి, వారం వారం హైవే మీద పిల్లలతో వెళ్లేవాళ్లు కొత్తదే కొనుక్కోవాలి. రియాద్ నుంచి జెద్దా దాకా 950 కిలోమీటర్లు ఈ వ్యాన్‌లో వెళ్లమని కూడా ఎవరికీ సలహా ఇవ్వను. అలాంటి ప్రయాణానికి అద్దె బండి తీసుకోండి. కానీ మన కుటుంబాల్లో చాలామంది ముందున్న అసలు ఎంపిక వేరు. ఐదు సీట్ల సెడాన్‌లో ఏడుగురిని ఇరికించి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని వెళ్లడం ఒకటి. ప్రతి మనిషికీ సీటూ బెల్టూ ఉన్న పాత వ్యాన్‌లో ఊళ్లో మెల్లగా వెళ్లడం మరొకటి. ఆ రెండింట్లో రెండోదే మేలు. ఎయిర్‌బ్యాగులు ఉన్న బండి అయితే ఛాసిస్ నంబరుతో వాణిజ్య మంత్రిత్వ శాఖ రీకాల్ సైట్‌లో వెతకండి. టకాటా ఎయిర్‌బ్యాగుల్లోని రసాయనం ఏళ్ల వేడికీ తేమకూ చెడి, పేలినప్పుడు ఇనుప ముక్కలు చిమ్మిన సంగతి ప్రపంచమంతా చూసింది. తీరం వెంబడి దమ్మామ్, జుబైల్, జెద్దా వాతావరణంలో ఆ రెండూ ఉన్నాయి.

పెట్రోలు మాటేమిటని మరో ప్రశ్న. 2015లో లీటరు 0.45 రియాళ్లకు దొరికిన 91 రకం, 2021 జూలైలో 2.18 దగ్గర పరిమితి విధించేనాటికి దాదాపు ఐదింతలైంది. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు ఇచ్చే వ్యాన్ ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే 2.18 చొప్పున సుమారు 4,090 రియాళ్లు. పాత ధరకు అది 850 లోపే. ఇది చిన్న మొత్తం కాదు. అందుకే ఒంటరిగా ఆఫీసుకు వెళ్లడానికి ఈ బండి వాడటం తప్పు. నలుగురైదుగురు ఎక్కితే మాత్రం తలకయ్యే ఖర్చు చిన్న కారుతో పోటీ పడుతుంది. నిండా మనుషులతో తిరగడానికే కదా దాన్ని లేపింది.

మూడో అభ్యంతరం సున్నితమైనది: పోయిన రోజుల మీద మమకారంతో వస్తువులకు అతుక్కోవడం బలహీనత కాదా? ఆగిపోయిన బండిని నడపకా అమ్మకా ఏళ్ల తరబడి అలాగే ఉంచుకోవడం బలహీనతే. పాడైన, వదిలేసిన బండ్లను రుసుములు లేకుండా రికార్డుల నుంచి తీయించుకోవడానికి ప్రభుత్వం 2022 మార్చి 1 నుంచి గడువు ఇచ్చింది. అలాంటి వెసులుబాటు ప్రత్యేకంగా కల్పించాల్సి వచ్చిందంటే అలా పడి ఉన్నవి ఎన్నో ఊహించుకోవచ్చు. కానీ మమకారాన్ని లెక్కలోంచి పూర్తిగా కొట్టేసేవాళ్లు ఒక్క సంగతి మరిచిపోతున్నారు. తలకు నెలకు 400 చొప్పున రుసుము కట్టి కుటుంబాన్ని ఇక్కడికి తెచ్చుకున్న మనిషి అప్పుడే కలిసి ఉండటానికి ఒక ధర ఒప్పుకున్నాడు. ఇంటిల్లిపాదీ ఒకేసారి ఎక్కగలిగే బండికి నెలకు మరో 250 పెట్టడం ఆ నిర్ణయానికి కొనసాగింపే. పైగా ఇప్పుడు అమ్మకు కూడా లైసెన్స్ ఉండొచ్చు. 2018కి ముందు నాన్న డ్యూటీ నుంచి వచ్చేదాకా కదలని బండి, ఇప్పుడు మధ్యాహ్నం స్కూలుకు వెళ్లగలదు. పాత బండికి పాత రోజుల్లో లేని ఉపయోగం ఇది.

బండి లేచి నిలబడ్డాక గ్లవ్‌బాక్స్‌లో ఒక నోటుపుస్తకం పెట్టండి. మార్చిన ప్రతి భాగం, తేదీ, కిలోమీటర్లు, పార్ట్ నంబరు ఇంగ్లీషులో రాయండి, ఎందుకంటే దాన్ని తర్వాత చదివేవాళ్లు తెలుగువాళ్లే కానక్కర్లేదు. ఫైనల్ ఎగ్జిట్‌కు ఆరు నెలల ముందే, చిన్న పిల్లలతో కొత్తగా ఫ్యామిలీ వీసా మీద దిగిన ఇంటికి ఆ బండి గురించి చెప్పి ఉంచండి. ఒక శుక్రవారం వాళ్లందర్నీ ఎక్కించుకుని తిప్పండి. ఇంజిన్ వేడి ముల్లు మామూలుగా ఎక్కడ ఉంటుందో, పక్క తలుపును ఎలా లాగితే పట్టాలు దిగకుండా మూసుకుంటుందో చూపించండి. తర్వాత అబ్షెర్‌లో పేరు మార్చి, పుస్తకంతో సహా తాళాలు ఇవ్వండి.